ఎక్కడికని ఎవరూ అడగని ఊరు

కిరండూల్ ప్యాసింజర్ విశాఖ చేరేసరికి బాగా చీకటి పడింది. నేను మధ్యాహ్నమే తణుకు నుంచి వచ్చి స్టేషన్‌లో ఎదురు చూస్తున్నాను. పెద్దాయన భుజాన గోనెసంచితో దిగాడు. సంచిలో నా కోసం రాజ్మా గింజలు, పసుపు కొమ్ములు. సొరంగాలు లెక్కపెడుతూ వచ్చి ముప్పై దాటాక వదిలేశానన్నాడు.

విశాఖ మన్యంలో ముంచింగిపుట్టు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. జ్వరం వచ్చి మంచం పట్టినప్పుడు నాకు అంబలి కాచి పోసిన ఇల్లు ఈయనది. బదిలీ మీద కొండ దిగుతున్న రోజున "ఒకసారి సముద్రం చూపిస్తాను" అని మాటిచ్చాను. ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు ఆయన మనవరాలు విశాఖలో నర్సింగ్ చదువుతోంది. కాఫీ పళ్లు కోయడం అయిపోయింది, ఫిబ్రవరిలో చేతికి కాస్త తీరిక ఉంటుంది, రండి అని కబురు పెట్టాను.

మధురవాడలో మా అక్క కొడుకు ఫ్లాట్‌లో దిగాం. మేం లోపలికి వెళ్తుంటే వాడు భుజాన బ్యాగుతో బయటికి వస్తున్నాడు. అమెరికా ఆసుపత్రుల బిల్లులకు సంబంధించిన ఉద్యోగం, రాత్రి డ్యూటీ. "తాళం ఇదిగో మావయ్యా, ఫ్రిజ్‌లో పెరుగుంది" అని లిఫ్ట్‌లోకి వెళ్లిపోయాడు. పెద్దాయన మూసుకుపోయిన లిఫ్ట్ తలుపు వైపు కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

తెల్లవారుజామున ఆర్కే బీచ్‌కి వెళ్లాం. పొద్దున్న పూట ఆ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు కాబట్టి అంత పెద్ద ఊళ్లోనూ అక్కడ అలల చప్పుడు వినిపిస్తుంది. పెద్దాయన ఇసుకలో దిగి, నీళ్లకు నాలుగడుగుల దూరంలో ఆగాడు. చాలాసేపటికి అడిగాడు: "అవతలి గట్టు ఎవరిది?"

ఆయనకు తెలిసిన పెద్ద నీళ్లు జోలాపుట్ రిజర్వాయరు. అక్కడ అవతలి గట్టు ఒడిశా. ఎన్ని నీళ్లున్నా అవతల ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ల పేర్లు కూడా తెలుస్తాయి. ఇక్కడ అవతలి గట్టు కంటికి ఆనదని చెప్పాను. "అయితే పిలిస్తే పలికేవాళ్లు లేరన్నమాట" అన్నాడు.

ఒడ్డున కూర్చుని టీ తాగుతున్నప్పుడు రెండో ప్రశ్న వేశాడు. మా ముందు నుంచి వందల మంది నడుస్తున్నారు. ఎదురుపడిన ప్రతి మనిషి ముఖంలోకీ ఆయన చూస్తున్నాడు, ఒక్కరూ ఆయన వైపు చూడటం లేదు. "ఏటి మాస్టారూ, ఈ ఊళ్లో ఎవరూ ఎవర్నీ ఎక్కడికని అడగరా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా గోదావరి వైపు బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే అపశకునం అంటారు. అడిగేవాణ్ణి పెద్దవాళ్లు కసురుతారు. ఆయన ఊళ్లో మాత్రం అడక్కపోతే తప్పు. దారిలో ఎదురైన మనిషి సంతకా, పొలానికా, చావింటికా అని తెలుసుకోవాలి. చీకటి పడ్డాక ఆ మనిషి తిరిగి రాకపోతే ఎటు వెళ్లి వెతకాలో ఊరికి తెలిసేది అలాగే. వాన పడితే వాగు పొంగి, దారి మాయమయ్యే చోట అది మర్యాద కన్నా ముందు అవసరం. మరి మనం? ఫోన్‌లో ఉన్న మ్యాపుకి ఎక్కడికో చెబుతాం, ఆటో బుక్ చేసే యాప్‌కి చెబుతాం, పక్క ఫ్లాట్ మనిషికి చెప్పం. చెప్పకూడదని ఎవరూ అనలేదు. అలవాటు తప్పిపోయింది, అంతే.

అక్కడి నుంచి కురుసుర చూడటానికి వెళ్లాం. 1969లో నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001లో విశ్రాంతి తీసుకుంది. మరుసటి ఏడాది దీన్ని ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా మార్చారు. సుమారు 90 మీటర్ల పొడవు, లోపల 70 మందికి పైగా మనుషులు. పైపులు, చక్రాలు, మీటర్ల మధ్య ఒకరి మీద ఒకరికి పడకలు. చూపించేవాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు కాబట్టి వాళ్ల మాటల్లో ఆ ఉక్కిరిబిక్కిరి ఇంకా ఉంది. ఎంత జాగ్రత్తగా నీళ్లు వాడుకునేవాళ్లో చెబుతుంటే పెద్దాయన తల ఊపుతూ విన్నాడు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన అడిగింది వేరు: "లోపలున్నోళ్లకి పొద్దు ఎలా తెలుస్తాది?" గడియారం చూసి అన్నాడు మాకు చూపిస్తున్నాయన. "మరి గడియారం ఆగిపోతే?" ఆ పెద్దమనిషి కొంచెం ఆలోచించి, ఒకరు నిద్ర లేచి వచ్చి ఇంకొకర్ని పడుకోమని పంపేవాళ్లం, అదే మాకు పొద్దు అన్నాడు. ఆ జవాబు పెద్దాయనకు ఎంతో నచ్చింది.

మధ్యాహ్నం ఫ్లాట్‌కి తిరిగొచ్చాం. బయట ఎండ కణకణలాడుతోంది. లోపల తలుపులు బిగించి, మందపాటి కర్టెన్లు వేసి, ఏసీ పెట్టుకుని మా మేనల్లుడు నిద్రపోతున్నాడు. హాల్లో ట్యూబ్‌లైటు వెలుగుతోంది. పెద్దాయన చెప్పులు విప్పి, గొంతు తగ్గించి నన్ను అడిగాడు: "ఇదీ అలాంటిదేనా మాస్టారూ? నీళ్లలో మునిగే పడవ?"

ఆ మాట నా గుండెలో కలుక్కుమంది. వాడి అమ్మ, మా అక్క, వాణ్ణి పెరట్లో జామచెట్టు కింద ఉయ్యాల వేసి పెంచింది. సాయంత్రం వాడు లేచాక పెద్దాయన వాణ్ణి అడగనే అడిగాడు, నీ పొద్దు ఎక్కడిదని. వాడు నవ్వలేదు, విసుక్కోలేదు. "వాళ్లకు తెల్లారితే నాకు పని మొదలవుతుంది తాతగారూ. ఆదివారం రాత్రి మాత్రం ఏం చేయాలో తెలీదు. నిద్ర పట్టదు, లేచి ఉంటే మాట్లాడటానికి ఎవరూ ఉండరు" అన్నాడు. ఇల్లు కట్టిన అప్పు ఉంది, చెల్లెలి చదువు ఉంది. ఆ ఉద్యోగం చెడ్డదని నేను అనను. కానీ జలాంతర్గామిలో ఒక మనిషి లేచి ఇంకో మనిషిని పడుకోబెట్టేవాడు. వీణ్ణి లేపేది ఫోన్ అలారమే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొండ మీది మనుషుల్ని జ్ఞానుల్లాగా, పట్నం మనుషుల్ని దారి తప్పినవాళ్లలాగా చూపించే రాతలు నాకు గిట్టవు. ఆ పొగడ్త వాళ్లకు అన్నం పెట్టదు. పెద్దాయన ఊళ్లో ఫోన్ సిగ్నల్ కావాలంటే ఇప్పటికీ ఒక బండ ఎక్కాలి. పురుడు వస్తే డోలీ కట్టిన రోజులు నేను కళ్లారా చూశాను. ఆయన తెలివైనవాడు, అంతకన్నా ముఖ్యం, ఈ ఊరు ఆయనకు కొత్త. కొత్త కన్ను అడిగేది పాత కన్ను అడగదు.

ఇదే మాటను నాకన్నా బాగా ఆయన మనవరాలు చెప్పింది. మర్నాడు ఆ పిల్ల సెలవు పెట్టి వచ్చింది. ముందుగా తాతను ఒక కాఫీ షాపుకి తీసుకెళ్లింది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ, ఇది మన కొండల పంటేననీ చెప్పి కప్పు ముందు పెట్టింది. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల పక్కన ముప్పై ఏళ్లుగా కాఫీ పండిస్తున్న మనిషి ఆ కప్పును వాసన చూసి, "ఇది మాదేనా?" అన్నాడు. పళ్లు కోసి, తొక్క తీసి, ఎండబెట్టి అమ్మడం వరకే ఆయన చేతిలో ఉంది. వేయించిన గింజ వాసన ఆయన ఇంట్లో ఎప్పుడూ లేదు. రెండు గుటకలు తాగి, పంచదార అడిగాడు.

మధ్యాహ్నం భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కాం. ఈ బౌద్ధారామం 1976లో నౌకాదళం చేసిన సర్వేలో బయటపడింది. 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగాయి. భిక్షువులు బండను తొలిచి వాన నీళ్లు పట్టుకున్న తొట్ల వల్లే కొండకు ఆ పేరు. రెండు వేల ఏళ్ల కిందట లోకాన్ని వదిలి, దాన్ని దూరం నుంచి చూడాలని వచ్చినవాళ్లు వాళ్లు. అలాంటి చోటే శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. కింద ఓడల వ్యాపారం సాగుతుంటే పైన ధ్యానం సాగింది. ఒకటి లేకుండా రెండోది నిలవలేదేమో అనిపించింది నాకు.

ఆ ఇటుక గదుల మధ్య కూర్చున్నప్పుడు పెద్దాయన, బీచ్‌లో అడిగిన ప్రశ్నే మనవరాలిని అడిగాడు. ఇక్కడ నిన్నెవరూ ఎక్కడికని అడగరా అని.

"అడగరు తాతా. అందుకే నాకు ఇక్కడ బాగుంది" అంది.

ఆయన ముఖం చిన్నబోయింది. ఆ పిల్ల ఆగలేదు. "ఊళ్లో నిన్ను అడిగితే అది ప్రేమ. నన్ను అడిగితే ఎవరితో, ఎందుకు, ఇంత పొద్దుపోయి ఎందుకు అని కూడా అడుగుతారు. ఇక్కడ బస్సెక్కితే నేనెవరో, ఏ కులమో, ఏ ఊరో ఎవరికీ పట్టదు. మొదటి నెల ఏడ్చాను. తరవాత ఊపిరి తిరిగింది." కొంచెం ఆగి నా వైపు తిరిగి, "సార్, నైట్ డ్యూటీ అయ్యాక హాస్టల్‌కి వస్తుంటే మాత్రం ఎవరైనా అడిగితే బాగుణ్ణనిపిస్తుంది" అంది.

మాలో ఎవరికీ దానికి జవాబు లేదు. ఒకరికి కాపలాగా ఉన్నదే ఇంకొకరికి గొలుసు అవుతుందని ఇన్నేళ్ల బడి పాఠాల్లో నేను ఒక్కసారీ చెప్పలేదు.

పొద్దు వాలాక నగరం వైపు దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. "ఈ కరెంటు ఎక్కడిది?" అన్నాడు పెద్దాయన. ఇప్పుడు చాలా చోట్ల నుంచి వస్తుందనీ, ఒకప్పుడు మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నుంచి విశాఖకు తీగలు లాగారనీ చెప్పాను. అక్కడ కరెంటు తీయడం మొదలైంది 1955లో. దాని కోసం కట్టిందే జోలాపుట్ డ్యాం. "మా అయ్య పుట్టిన ఊరు ఆ నీళ్ల కిందే ఉంది" అన్నాడాయన. తొమ్మిదేళ్లు అదే చోట ఉండీ నాకు ఆ సంగతి తెలియదు. ఆయన గొంతులో కోపం లేదు. దీపాల్ని మాత్రం ఇంకోలా చూశాడు, తన వాళ్లింటికి వచ్చిన చుట్టాన్ని ఆనవాలు పట్టినట్టు. రెండు రోజులుగా ఆయన్ని బయటి మనిషి అనుకుంటూ తిప్పింది నేను.

తిరుగు బండి పొద్దున్నే. మనవరాలు స్టేషన్‌కి వచ్చింది. మా మేనల్లుడు కూడా డ్యూటీ దిగి, ఎర్రబడ్డ కళ్లతో నేరుగా అక్కడికే వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. తాతగారి సంచి తీసుకెళ్లి కిటికీ పక్క సీటులో పెట్టాడు. పెద్దాయన మనవరాలి చేయి పట్టుకుని ఏదో అడగబోయి ఆగిపోయాడు. ఏం అడగబోయాడో మా అందరికీ తెలుసు.

బండి కదిలింది. ఆ పిల్ల కిటికీతో పాటు నడుస్తూ గట్టిగా చెప్పింది: "ఇక్కణ్నుంచి హాస్టల్‌కి తాతా. మధ్యాహ్నం క్లాసు. సాయంత్రం ఆరింటికి పిల్లల వార్డు."

"మరి రాత్రికి?" అన్నాడాయన కిటికీలోంచి.