బ్రేకింగ్ బ్యాడ్‌లో పాపం, ఒప్పుకోలు

"అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడు వాటిని ఒప్పుకొని విడిచిపెట్టువాడు కనికరము పొందును" (సామెతలు 28:13). ఈస్టరుకు ముందు వచ్చే ఈ శ్రమకాలంలో ఈ మాటను ధ్యానిస్తుంటే నాకు పదేపదే గుర్తొస్తున్నది 2008 నుంచి 2013 దాకా అమెరికాలో వచ్చిన టీవీ సీరియల్ బ్రేకింగ్ బ్యాడ్. అందులో హింస, బూతులు, డ్రగ్స్ చాలా ఉన్నాయి. యూత్ మీటింగ్‌లో వేసి చూపించమని ఎవరికీ చెప్పను. కానీ పాపం ఒక మనిషిలో ఎలా ఎదుగుతుందో ఇంత ఓపికగా చూపించిన కథను నేను తెరమీద ఇంకోటి చూడలేదు.

న్యూ మెక్సికో రాష్ట్రం, అల్బుకర్కీ ఊరు. వాల్టర్ వైట్ అక్కడ కెమిస్ట్రీ టీచర్. యాభై ఏళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడుతుంది. తను పోయాక ఇంట్లోవాళ్లకు డబ్బుండాలని, పాత స్టూడెంట్ జెస్సీతో కలిసి మెత్ అనే మత్తుమందు వండడం మొదలుపెడతాడు. చూసేవాళ్లకు జాలేస్తుంది. అయితే పాత స్నేహితులు వచ్చి, వైద్యం ఖర్చంతా మేం పెట్టుకుంటాం అంటే వద్దంటాడు. అతన్ని నడిపిస్తున్నది లేమి కాదు, గర్వం అని అక్కడే తెలిసిపోతుంది. కుటుంబానికి 7,37,000 డాలర్లు చాలని ఒకసారి లెక్క వేసుకుంటాడు. కొన్నాళ్లకు భార్య స్కైలర్ అద్దె గోడౌన్‌కి తీసుకెళ్లి, లెక్కపెట్టడం కూడా మానేసిన నోట్ల గుట్ట చూపించి, ఇంకెంత పెరగాలి ఇది అని అడుగుతుంది. "దురాశ గర్భము ధరించి పాపమును కనగా, పాపము పరిపక్వమై మరణమును కనును" అని యాకోబు రాసింది ఆ గుట్ట ముందు నిలబడి చదువుకోవచ్చు.

మొదటి సీజన్‌లో, నేలమాళిగలో కట్టేసి ఉంచిన మనిషిని చంపాలా వదలాలా అని అతను కాగితం మీద రెండు వరసలు రాసుకుంటాడు. వదలడానికి బోలెడు కారణాలు: హత్య తప్పు, ప్రాణం పవిత్రమైనది, బైబిలు నీతి. చంపడానికి ఒక్కటే కారణం: వదిలితే వీడు నా కుటుంబాన్నంతా చంపుతాడు. చివరికి చంపుతాడు. ఆ తర్వాత అలాంటి కాగితం మళ్లీ అతని చేతిలో కనబడదు. ఇంట్లోవాళ్ల కోసమే కదా అన్న ఒక్క మాటే అన్నిటికీ జవాబైపోతుంది. ఆ మాట మనందరి నోళ్లలోనూ ఉంటుంది కాబట్టే ఈ కథ చూస్తుంటే భయమేస్తుంది.

నన్ను ఎక్కువగా పట్టి ఆపింది మాత్రం జెస్సీ. వాల్టర్ మాట మీద అతను ఒక మనిషిని గుమ్మంలోనే కాల్చి చంపాడు. నిద్ర లేదు, ఇంటినిండా రాత్రింబవళ్లు మోత, జనం. "నేను మౌనినై యుండగా... నా యెముకలు క్షీణించినవి" అని 32వ కీర్తనలో దావీదు చెప్పిన స్థితి అది. మత్తు మానాలనుకునేవాళ్లు కూర్చునే గ్రూపులో ఒకరోజు అతను నోరు విప్పుతాడు. మనిషి అని చెప్పలేక, ఒక కుక్కను చంపానంటాడు. దానికి జబ్బేమీ లేదు, ఎవరినీ కరవలేదు. ఒకావిడ మండిపడుతుంది. గ్రూపు నడిపే ఆయన ఆమెను ఆపుతాడు: ఇక్కడ ఎవరూ ఎవరికీ తీర్పు తీర్చకూడదు, నిన్ను నువ్వు అంగీకరించుకోవాలి అంటాడు. ఆయన మంచివాడే, తన కూతుర్ని తన బండి కిందే పోగొట్టుకున్నవాడు. కానీ ఆ ఓదార్పుకు జెస్సీ రగిలిపోతాడు. ఏం చేసినా ఫరవాలేదా, అంతా అంగీకరించేయడమేనా అని అరుస్తాడు. అసలు తాను వచ్చింది వాళ్లకు మత్తుమందు అమ్మడానికేనని చెప్పి, ఇది కూడా అంగీకరిస్తారా అని అడుగుతాడు. అంగీకరించను, అంటాడు ఆయన. ఇప్పటికైనా అన్నావు, అంటాడు జెస్సీ.

పాపిని ప్రేమగా పలకరించాలన్న ఆత్రంలో మనం కూడా పాపాన్ని పాపం అనడం మానేస్తున్నామేమో. తప్పేమీ లేదు లే అని భుజం తట్టేవాడికంటే, "ఆ మనుష్యుడవు నీవే" అని పాపాన్ని మొహం మీదే చెప్పిన ప్రవక్త నాతానే దావీదుకు మేలు చేశాడు.

చివరి భాగంలో వాల్టర్ ఒప్పుకుంటాడు. కుటుంబం కోసం కాదు, నా కోసమే చేశాను, నాకు నచ్చి చేశాను అని స్కైలర్‌తో అంటాడు. ఐదు సీజన్లలో అతను పలికిన అతి నిజమైన మాట అదే. కానీ చనిపోయే ముందు అతని చెయ్యి ఆ మత్తుమందు ల్యాబ్‌లోని స్టీలు పాత్రలను ప్రేమగా తడుముతుంది. సామెతల వాక్యంలో మొదటి సగం, ఒప్పుకోవడం, జరిగింది. విడిచిపెట్టడం జరగలేదు.

రెండో సగం చూడాలంటే, ఈ కథకు తోబుట్టువులాంటి సీరియల్ బెటర్ కాల్ సాల్‌కి వెళ్లాలి. 2022 ఆగస్టులో వచ్చిన దాని ఆఖరి భాగంలో వాల్టర్‌ లాయర్ సాల్ గుడ్‌మన్, అసలు పేరు జిమ్మీ మెక్‌గిల్, తన తెలివితో ఏడేళ్ల చిల్లర శిక్షకు ప్రభుత్వ లాయర్లను ఒప్పిస్తాడు. జైల్లో వారం వారం ఐస్‌క్రీమ్ కూడా రాయించుకుంటాడు. తీరా కోర్టులో లేచి, ఆ బేరాన్నంతా తనే చెడగొట్టుకుని, వాల్టర్ సామ్రాజ్యంలో తన పాలు ఎంతో చెబుతాడు. అంతటితో ఆగకుండా అన్న చక్ సంగతీ చెబుతాడు. అన్న వృత్తి ఇన్సూరెన్స్ పోయేలా చేసి, బతుకులాంటి లాయరు వృత్తికి దూరం చేశాను, ఆపైన ఆయన ప్రాణం తీసుకున్నాడు అని. చట్టం దృష్టిలో అది నేరం కాదు. ఎవరూ అడగలేదు కూడా. అయినా చెప్పాడు. శిక్ష 86 ఏళ్లయింది.

అంత చేసినా ఒక లోటు మిగిలిపోతుంది. చక్ చనిపోయాడు. తమ్ముణ్ణి క్షమించానని చెప్పడానికి ఇక రాడు. జడ్జి శిక్ష వేయగలదు గాని కడగలేదు. ఏ సీరియల్ రచయితా అంతకు మించి రాయలేడు.

కల్వరిలో యేసు పక్కన సిలువ వేసిన ఇద్దరు దొంగల్లో రెండవవాడు కూడా ఇలాగే మాట్లాడాడు: "మనము చేసినవాటికి తగిన ఫలము పొందుచున్నాము." అతన్ని సిలువ మీదనుంచి ఎవరూ దించలేదు. రోమా ప్రభుత్వం వేసిన శిక్ష పూర్తిగా అనుభవించి, కాళ్లు విరగ్గొట్టించుకుని చచ్చిపోయాడు. అతను గాయపరిచినవాళ్లు ఆ గుంపులో ఉన్నారో లేదో లూకా చెప్పలేదు. కానీ పక్క సిలువ మీద, వాళ్లందరి తరఫునా క్షమించే అధికారం ఉన్నవాడు వేలాడుతున్నాడు. ఆయన "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు.