దశమభాగం కవరు

బొట్టు, పూలు, గాజులు, బతుకమ్మ మాత్రమే కాదు, మందుబిళ్ళ మింగడం కూడా అవిశ్వాసమేనని బోధించే క్రైస్తవ సంఘంలో నేను పుట్టి పెరిగాను. మాది దేవరకొండ దగ్గరి పల్లె. నల్లగొండలో డిగ్రీ చదువుతూ ఆ సంఘానికి వెళ్ళడం మానేసి, చెవులు కుట్టించుకుని ఇంటికి వస్తే, నాయన మూడు నెలలు నాతో మాట్లాడలేదు. పెద్దల మాట మీద నా కంచం కూడా వేరు చేశారు.

2023 చలికాలంలో దగ్గు పట్టుకుంది. ఆర్‌ఎంపీ డాక్టరు నెలరోజులు దగ్గుమందు పోశాడే తప్ప తెమడ పరీక్ష రాయలేదు. సాయంత్రమయ్యేసరికి జ్వరం రావడం, తిండి సయించకపోవడంతో ఇల్లు చేరాను. చూడడానికి వచ్చిన సంఘపెద్ద ఒకాయన అమ్మ ఇచ్చిన చాయ తాగుతూ, "దేవుణ్ణి విడిచినోళ్ళను దేవుడు ఊకె విడుస్తడా బిడ్డా?" అన్నాడు. ఆ మాట కన్నా, పక్కనే ఉండి నాయన తల దించుకోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ వారంలోనే ఒక అర్ధరాత్రి దగ్గుతుంటే నోటినిండా వెచ్చగా తగిలింది. అమ్మ బియ్యం కడిగే గిన్నె పట్టింది. నురగతో ఎర్రటి నెత్తురు. నాయన బైబిల్లో యాకోబు పత్రిక అయిదో అధ్యాయం తీసి, నా నుదుట నూనె రాసి, మోకాళ్ళూని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన గొంతు వణుకుతోంది, ప్రార్థన మాత్రం ఆగడం లేదు. ఎన్నడూ ఆయనకు ఎదురు చెప్పని అమ్మ, "ప్రార్థన తొవ్వల చేద్దాం, ముందుగాల ఆటో పిలువుండ్రి" అంది. ఇంట్లో వేరే డబ్బు లేదు. సంపాదనలో పదోవంతుగా ఆదివారం కానుకపెట్టెలో వేయవలసిన దశమభాగం కవరును బైబిల్లోంచి తీసి, అంచు చింపి, నోట్లు కొంగున ముడి వేసుకుంది. నాయన ఆ చింపిన కవరును చూశాడు, ఏమీ అనకుండా చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తాడు.

టీబీ అని తేలింది. సర్కారు దవాఖానాలో ఆరు నెలల మందులు ఉచితం: మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తరువాత నాలుగు నెలలు మూడు రకాలు. పోషణకు నెలకు 500 రూపాయలు ఖాతాలో పడేవి. మూత్రం నారింజ రంగులోకి మారితే మళ్ళీ నెత్తురేనని ఏడ్చాను. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగని చెప్పిన నర్సమ్మకు రుణపడి ఉన్నాను. ఆ ఆరు నెలలూ తెల్లవారకముందే లేచి, నీళ్ళు కాచి, గుడ్డు ఉడకబెట్టి, "గోలీలు ఏసుకున్నవా?" అని అడిగింది నాయనే.

అదే నాయన, నాకు నయమయ్యాక, ప్రార్థనతోనే స్వస్థత కలిగిందని సంఘంలో సాక్ష్యం చెప్పాడు. గోలీల ఊసే లేదు. సువార్త రాసిన లూకా వైద్యుడేనని పౌలు కొలొస్సయులకు రాశాడు కదా అని అడిగితే లేచి వెళ్ళిపోయాడు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

రెండు వారాలు దాటి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోండి. రోగితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా తప్పక టీబీ పరీక్ష చేయించుకోవాలి. నాయన రానన్నాడు. అమ్మ మాత్రం స్త్రీల కూడిక ఉందని ఆయనకు చెప్పి నా వెంట వచ్చింది. ఎక్స్‌రే గది దగ్గర మెడలోవి, చెవులవి తీసి ఇవ్వమన్నారు. అమ్మ భుజం దగ్గరి పిన్నీసు తీసి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది.