నారు పీకిన చేత్తోనే

ఆమధ్య ఒక ఆదివారం మా ఆరేళ్ళ బుడ్డోడు మేడ మీద కలుపు తీశాడు. తీసినవి పదకొండు. పదకొండూ మిరప మొక్కలే. వేళ్ళకున్న మట్టి శుభ్రంగా దులిపి, గట్టు మీద వరసగా పేర్చి, నన్ను పిలిచి మరీ చూపించాడు. పక్కనే ఉన్న గరిక మాత్రం పోచ కూడా కదల్లేదు. అదేంట్రా అంటే, "అది గట్టిగా ఉందమ్మా, రావట్లేదు" అన్నాడు. న్యాయమే!

మా అత్తయ్యగారికి ఇంకేం కావాలి. "నే చెప్పానా, వాణ్ణి కుండీల దగ్గరికి రానివ్వకని" అంటూ సాయంత్రం దాకా అదే పాట. గబగబా మళ్ళీ నాటి నీళ్ళు పోశాను. ఆరు బతికాయి.

పిల్లలు తోటపనిలో సాయం చేస్తారంటే నేను నమ్మను. మనకి పని రెట్టింపవుతుంది, అంతే. వాడికి వంకాయ మొక్క ఇష్టమని దానికే రోజూ అయిదారు చెంబులు పోసేవాడు, వేరు కుళ్ళి పోయింది. బెండ గింజ పెడితే మొలకొచ్చిందో లేదోనని పూటపూటా తవ్వి చూసేవాడు. చివరికి పాత పెరుగు డబ్బాకి అడుగున చిల్లులు పెట్టి, మట్టి నింపి, గుప్పెడు మెంతులు ఇచ్చాను. మెంతులైతే మూడో రోజుకే తల ఎత్తుతాయి. మిరప గింజకి వారం, పది రోజులు ఆగాలి. అంత ఓపిక నాకే ఉండదు, వాడికెక్కడిది?

రెండు విషయాల్లో మాత్రం ఒప్పుకోను. వేపనూనె కొట్టేటప్పుడు వాడు మేడెక్కకూడదు. వేపదే అయినా కంట్లో పడితే మంటే కదా. ఇక పిట్టగోడ పక్కన కుండీ ఉండకూడదు. మనకది కుండీ, పిల్లలకి మెట్టు. ఉన్నవన్నీ మధ్యలోకి లాగించాను, నడుము పట్టేసింది.

ఇదంతా ఆనప (సొర) పాదు పూతకి రాకముందు సంగతి. మాది మూడో అంతస్తు, మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకి చేర్చే పురుగులు తక్కువ. పిందెలు పసుపుబారి రాలిపోతున్నాయి. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుతుంది కాబట్టి దీపాలు పెట్టే వేళకి వాణ్ణి తీసుకెళ్ళాను. సన్నటి కాడ ఉంటే మగపువ్వు, కింద బుల్లి పిందె ఉంటే ఆడపువ్వు అని చెప్పాను. ఒక్కసారే చెప్పాను. మగపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, ఊపిరి బిగబట్టి, ఆడపువ్వు మధ్యలో మెల్లిగా అద్దాడు. "పౌడర్ రాశానమ్మా." పదకొండు మొక్కలు పీకింది ఈ వేళ్ళేనా అనిపించింది.

నాలుగు పువ్వులకి రాస్తే రెండు నిలిచాయి. ఇప్పుడు బడికెళ్ళే ముందు మేడెక్కి చూడందే షూస్ వేసుకోడు. అత్తయ్యగారు కూడా మోకాళ్ళు పట్టుకుని ఎక్కి చూసొచ్చారు. "పెద్ద కాయ మీద ఏదో గీత ఉందేమే" అన్నారు. వెళ్ళి చూద్దును కదా, వాడి పేరులో మొదటి అక్షరం, గోటితో. కాయతో పాటు అదీ పెరుగుతోంది.