36 గంటల లెక్క

పిల్లల కోసం ప్రయత్నిస్తున్న నాకు పీసీఓఎస్ (అండాలు నెలనెలా సరిగా విడుదల కాని హార్మోన్ల సమస్య) ఉందని తేలేనాటికి నెలసరి రెండు మూడు నెలలకొకసారి గానీ వచ్చేది కాదు. గుంటూరులో మా డాక్టరమ్మ నెలసరి మూడో రోజు నుంచి ఐదు రోజులపాటు, అండం పెరగడానికి లెట్రోజోల్ మాత్రలు రాశారు. అండం ఉండే తిత్తి రోజుకు సుమారు 2 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుందని, 18 దాటాక అండాన్ని విడుదల చేయించే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇస్తే దాదాపు 36 గంటలకు పగులుతుందని, ఆ వేళకు ఐయూఐ (వీర్యకణాలను నేరుగా గర్భాశయంలోకి పంపడం) చేస్తామని చెప్పారు. శనివారం స్కాన్‌లో 17 ఉన్న తిత్తి సోమవారానికి పగిలిపోయి కనిపించింది. ఇంజెక్షన్ ఇవ్వకముందే ఒంట్లో ఎల్‌హెచ్ హార్మోను పెరిగి అండం విడుదలైపోయిందట. మందుల పని అండాన్ని పెంచడమే అనుకున్న నాకు, దాన్ని సమయం వచ్చేదాకా ఆపడం అంతకన్నా కష్టమని అప్పుడు తెలిసింది.

తరువాతి రెండు ఐయూఐలు వేళకే జరిగినా ఫలించలేదు. దాంతో అండాలను బయటికి తీసి ల్యాబ్‌లో పిండాలుగా మార్చే ఐవీఎఫ్‌కు వెళ్లాం. అందులో అండాలను పెంచే ఇంజెక్షన్లు మొదలైన ఆరో రోజు నుంచి, అవి ముందుగా విడుదల కాకుండా సెట్రోరెలిక్స్ ఇంజెక్షన్ 0.25 మిల్లీగ్రాములు రోజూ ఒకే వేళకు పొట్టమీద చేసుకున్నాను. సూది గుచ్చిన చోట ఎర్రబడి కాసేపు దురద పెట్టేది, అంతే. తిత్తులు ఎక్కువగా పెరగడంతో, చివరి ఇంజెక్షన్‌గా ఒంట్లో చాలా రోజులు నిలిచి అండాశయాలను మరింత ఉబ్బించే హెచ్‌సీజీకి బదులు, మన ఎల్‌హెచ్‌నే కొద్దిసేపు ఎగదోసే ల్యూప్రోలైడ్ ఇస్తామన్నారు. మంగళవారం రాత్రి సరిగ్గా పది గంటలకు చేసుకోవాలి. మూడు అలారాలు పెట్టుకుని గడియారం ముందు కూర్చున్న నన్ను చూసి, "మీ పెళ్లి ముహూర్తానికి కూడా ఇంత కంగారు పడలేదే!" అన్నారు మా అత్తగారు. నిజమే, ముహూర్తం పది నిమిషాలు అటూ ఇటూ అయితే పంతులుగారు సర్దుకుంటారు.

36 గంటలు నిండి తిత్తులు పగిలేలోపే, గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు మత్తిచ్చి అండాలు తీశారు. ఈసారి ఒక్కటీ ముందుగా విడుదల కాలేదు. అయినా పొట్ట ఉబ్బి, నాలుగు రోజులు వంగి చెప్పులు కూడా వేసుకోలేకపోయాను. రోజూ బరువు చూసుకుంటూ, మూత్రం తగ్గినా ఆయాసం వచ్చినా వెంటనే రమ్మన్నారు. ఆ అవసరం రాలేదు. వారానికి నెలసరి వచ్చి ఉబ్బరం తగ్గింది. అండాశయాలు కుదుటపడాలని పిండాలను వెంటనే లోపల పెట్టకుండా మూడింటిని శీతలీకరించి దాచారు. వచ్చే నెలసరి రెండో రోజున ఫోన్ చేయమన్నారు.