డెల్ఫ్ట్‌లో పెచ్చు లేచిన ఒక టైలు

నెదర్లాండ్స్‌లోని హేగ్ నుంచి ఒకటో నంబరు ట్రామ్‌లో, నీలం తెలుపు పాత్రలకు పేరుపడ్డ డెల్ఫ్ట్ ఊరు చేరేసరికి వాన పట్టుకుంది. మార్కెట్ కూడలి చుట్టూ ఉన్న దుకాణాల్లో నీలిరంగు గాలిమరలు, చెక్కబూట్ల బొమ్మలు గుట్టలుగా పేర్చి ఉన్నాయి. వాటిలో చాలావాటి మీది నగిషీ చేత్తో వేసింది కాదు, అచ్చుకాగితంతో దించినది; అయినా అరచేతిలో ఇమిడే పళ్ళేనికి పాతిక యూరోలు అడుగుతుంటే మనసు చివుక్కుమంది. దిగులుగా కాలువ వెంట నడిచి, ఒక సందులోని పాతవస్తువుల దుకాణంలోకి వెళ్ళాను.

మధ్యాహ్నమంతా అక్కడే గడిచింది. దుకాణం నడిపే పెద్దావిడ 17వ శతాబ్దపు గోడ టైలు ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. సుమారు 13 సెంటీమీటర్ల చదరం. నడుమ బొంగరం ఆడే పిల్లవాడు, నాలుగు మూలల్లో డచ్చివారు ‘ఎద్దుతల’ అని పిలుచుకొనే అలంకారం. ఒక అంచున పెచ్చు లేచి, తెల్లని పూత కింద పసుపుపచ్చని మట్టి బయటపడింది. అంతవరకు నేను దీన్ని పింగాణీ అనే అనుకొన్నాను. ఇది పింగాణీ కాదు. సీసపు పూతలో తగరపు భస్మం కలిపితే అది పాలలా తెల్లబడి కింది మట్టిని కప్పేస్తుంది. ఇటలీ నుంచి ఆంట్వెర్ప్ మీదుగా వచ్చిన ఈ విద్య అప్పటికే చేతిలో ఉండటం వల్లనే, 1644లో చైనాలో మింగ్ రాజవంశం కూలి అక్కడి పింగాణీ రాక తగ్గినప్పుడు, డెల్ఫ్ట్ కుమ్మరులు ఆ లోటును తమ నీలం తెలుపు పాత్రలతో పూరించగలిగారు.

ఒకసారి కాల్చిన మట్టిని పూతలో ముంచితే అది ఆరి పిండిలా నిలుస్తుంది. దానిమీద కోబాల్టు నీలిరంగు కుంచె తాకగానే పీల్చుకుపోతుంది కనుక, గీసిన గీత చెరపడం సాధ్యం కాదు. అందుకే ముందుగా కాగితం మీద బొమ్మ గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, ఆ కాగితాన్ని టైలు మీద పరచి బొగ్గుపొడి అద్దేవారట; చిల్లుల్లోంచి దిగిన చుక్కల వెంట కుంచె నడిపేవారు. ఆమె అదే బొమ్మ ఉన్న మరో టైలు పక్కన పెట్టారు. చుక్కలు ఒక్కటే అయినా చేతులు వేరు: ఒక పిల్లవాడి టోపీ ముందుకు వాలింది, మరొకడి కాలు కాస్త లావెక్కింది.

బొగ్గుపొడి మాట వినగానే నాకు బందరు గుర్తొచ్చింది. కోరమాండల్ తీరపు కలంకారీ బట్టల మీదికి కూడా పూర్వం నగిషీని ఇలాగే చిల్లుల కాగితంతో దించేవారు. ఆ బట్టలను ఓడల్లో నింపి హాలండుకు పంపిన డచ్చి వ్యాపారులు మా ఊళ్ళోనే కాపురం ఉన్నారు. వలందలంటే డచ్చివారే; ఊళ్ళోని వలందపాలెం పేరు వారిదే. చిన్నప్పుడు సెలవుల్లో బందరు కోట దగ్గర వారి సమాధుల రాళ్ళ మీది అక్షరాలను వేలితో తడుముతూ, ఇవి ఎవరివో అనుకొనేవాణ్ణి.

పెచ్చు లేచినందుకు కొంత తగ్గించి 85 యూరోలన్నారు. నాకది ఎక్కువే, అయినా కొన్నాను. కాగితం చుట్టబోతూ ఆమె ఆగి, టైలు మూలల్లో ఆవగింజంత రంధ్రాలు చూపించారు. పచ్చిమట్టిని కొలతకు కోసేటప్పుడు జారకుండా పట్టిన చెక్కపలక మేకుల గుర్తులవి. తిరుగు ట్రామ్‌లో మళ్ళీ విప్పి, ఒక్కో రంధ్రాన్నీ గోటితో తాకి చూశాను.