రెండోది ఎటు పోయింది?

పదకొండు దాటింది. ఇంట్ల అందరు పడుకున్నరు, నాకే కన్ను మూతపడుతలేదు. ఒక్క నాలుగు మార్కుల ప్రశ్న నన్ను పట్టుకున్నది.

పెద్దదాని జీవశాస్త్రం స్లిప్ టెస్టు పేపరు ఇయ్యాల ఇచ్చిన్రు. "పుష్పించే మొక్కలలో ఫలదీకరణ జరిగే విధానాన్ని వివరించుము." ఒకటిన్నర పేజీ రాసింది. నాలుగుకు రెండు. పక్కన ఎర్ర పెన్నుతోని, "నోట్సులో ఉన్నట్లు రాయవలెను." నోట్సు తీసి చూసిన. పుప్పొడి కీలాగ్రం (పువ్వుల ఆడభాగం కొస) మీద పడటమే ఫలదీకరణ అని ఉన్నది! ఒళ్లు మండింది. అది పరాగసంపర్కం కదా. పడ్డంక ఆ రేణువు మొలకెత్తాలె, సన్నటి గొట్టం కీలం లోపల్నుంచి అండాశయం దాకా దిగాలె, అండంల చొరబడాలె. పడుడు వేరు, కలుసుడు వేరు. ఆ తేడా తెలిసి రాసిన పిల్లకు మార్కులు కోస్తరా? పొద్దుగాల బడికి పోత అన్న. "రెండు మార్కులకు పంచాయితీ ఎందుకే" అన్నడు ఆయన. మార్కుల గురించి కాదని ఎన్నిసార్లు చెప్పాలె.

ఈ తేడా నాకు పుస్తకం కన్నా ముందు బాపు చూపెట్టిండు. జమ్మికుంట దిక్కు మాది ఆడమగ వరి, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం ఏసే వరి. నేను డిగ్రీ రెండో ఏడుల ఉన్నప్పుడు, యాసంగి. ఆడ సాళ్లకు సొంత పుప్పొడి ఉండదు, మగ సాళ్ల నుంచే రావాలె. పొద్దున పది దాటి మంచు ఆరినంక పూత విచ్చేది. ఆ గట్టు మీద బాపు, ఈ గట్టు మీద నేను, నడుమ తాడు. మగ సాళ్ల మీదికెళ్లి గుంజుకుంట పోతే లేత పసుపు దుమ్ము పొగ లెక్క లేసేది. అర్ధగంట ఆగి మళ్లీ. "జెప్పన నడువు బిడ్డా, అది ఎక్కువసేపు బతుకది" అనేటోడు. నిజమే, వరి పుప్పొడి ఆయుష్షు పది నిమిషాలే. పది రోజులైనంక ఒక వెన్ను తెంపి, ఒక్కొక్క గింజను గోటితోని నొక్కిండు. ఒకదాంట్ల తెల్లటి పాలు. ఇంకోటి ఉత్త పొట్టు. "ఇది పట్టింది. ఇది తాలు. ఇది పట్టింది." దుమ్ము మాత్రం అన్నిటి మీద పడ్డదనే అనుకున్న నేను.

ఇది రాసుకుంట పెద్దదాని జవాబు మళ్లీ చదివిన. గొట్టంల రెండు పురుషబీజాలు వస్తయని రాసింది. ఒకటి స్త్రీబీజంతోని కలిసి పిండమైతదని రాసింది. రెండోది? ఎక్కడ లేదు. ఆ రెండోది పోయి అండం నడుమ ఉండే రెండు ధ్రువ కేంద్రకాలతోని కలుస్తది, అంకురచ్ఛదమైతది, అంటే గింజల పిండానికి తిండి. 1898ల రష్యా శాస్త్రవేత్త నవాషిన్ లిల్లీ జాతి పూలల్ల చూసింది ఇదే, ద్విఫలదీకరణ. బాపు గోటికి అంటిన పాలు ఆ రెండోదే. మిల్లుల తవుడుతోని పాటు పిండం పోతది, తెల్లబియ్యమని వండుకునేదంత అంకురచ్ఛదమే. అసలు సంగతే ఇడిసిపెట్టింది.

అంటే ఒక మార్కు కోసుడు న్యాయమే. సారు ఇది చూసే కోసిండేమో అని కూడ అనిపిస్తున్నది. కానీ చూస్తే ఆ మాటే రాసేటోడు కదా, నోట్సు మాట ఎందుకు రాస్తడు? క్లాసుల పిల్లలందరు ఆ వాక్యమే బట్టీ పడుతున్నరు. బడికైతే పోత. మార్కులు అడగ, ఆ వాక్యం మార్చుమంట.

అంతకన్నా ముందు, లేవంగనే పెద్దదాన్ని అడగాలె, రెండోది ఎటు పోయిందే అని.