చీనాబ్ కమానూ, దాన్ని మోసే కొండా

మా ఉత్తర తెలంగాణలో కమాన్ అనగానే ముందుగా గుర్తొచ్చేది కరీంనగర్ నడిబొడ్డున ఉన్న కమానే. ఓరుగల్లు కోటలోని కీర్తితోరణాలు ఎంత ఘనమైనవైనా నిర్మాణరీత్యా కమాన్లు కావు, నిలువు స్తంభాలపై అడ్డదూలాన్ని మోపిన కట్టడాలు. కాజీపేట నుంచి మంచిర్యాల వెళ్లే దారిలో గోదావరిపై రైలు దాటే వంతెన కూడా స్తంభాలమీదనే నిలిచింది. అందుకే చీనాబ్ వంతెన ఫొటో చూసి మా మేనల్లుడు "మామా, నది నడుమ ఒక్క పిల్లరూ లేదెందుకు?" అని అడగడంలో వింత లేదు.

జమ్మూకశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో, 2025 జూన్ 6న ప్రారంభమైన ఈ రైలు వంతెన నదీగర్భానికి 359 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంత లోతైన లోయలో స్తంభం లేపడం కంటే 467 మీటర్ల ఉక్కు కమానును ఒడ్డు నుంచి ఒడ్డుకు వేయడమే మేలు. అయితే కమాను తనపై పడిన బరువును కిందికి మాత్రమే దింపి ఊరుకోదు, రెండు కొసల వద్దా పక్కకు నెడుతుంది. రాజమహేంద్రవరంలోని ఆర్చి వంతెనలో ఆ నెట్టుడును రైలుపట్టాల మట్టాన ఉన్న గర్డరే, వింటినారి వింటిబద్దను బిగించినట్టు, పట్టి ఉంచుతుంది. చీనాబ్ వద్ద అలాంటి నారి లేదు, కొండే కాచుకోవాలి.

ఆ కొండేమో పగుళ్లమయం. తవ్వుతున్నకొద్దీ బయటపడే రాతి తీరును బట్టి పునాదుల డిజైన్‌ను మార్చుకుంటూ, పగుళ్లలోకి సిమెంటు గ్రౌటు (పలుచగా కలిపిన సిమెంటు) ఎక్కిస్తూ, ఉక్కు కడ్డీలతో వాలును బిగిస్తూ పని సాగించారు. ఈ పనిలో 17 ఏళ్లు సలహాదారుగా ఉన్న ప్రొఫెసర్ జి. మాధవీలత ఎం.టెక్. చదివింది మన వరంగల్ ఎన్‌ఐటీలోనే. పత్రికలు వంతెన మొత్తాన్ని ఆమె ఖాతాలో వేసినప్పుడు, తాను వేలమందిలో ఒకరినని ఆమే చెప్పారు. వరంగల్ వాడిగా నాకు ఆ మాట మరింత నచ్చింది.

ఇక కమానును కట్టిన తీరు: లోయకు అడ్డంగా కట్టిన తీగల క్రేన్‌తో ఉక్కు ముక్కలను మోసుకొచ్చి, రెండు ఒడ్ల నుంచీ గాలిలోకి పెంచుకుంటూ పోయారు. సగం కమానుకు తనంతట తాను నిలిచే శక్తి లేదు కాబట్టి, 2021 ఏప్రిల్‌లో రెండు సగాలూ కలిసేవరకు వాటిని వెనుక నుంచి తీగలతో లాగి పట్టుకున్నారు.

మేనల్లుడికి ఇదంతా చెప్పి, ఫొటోలో కమాను పాదాలు కొండకు ఆనేచోటును పెద్దది చేసి చూపించాను. వాడు మాత్రం వంతెన మీద రైలు ఏదని వెతుకుతున్నాడు.